ఆసియా దేశాల ఇంధనం, పన్నులు, పంట లెక్కలు కలిపి చదవడం ఎలా

ఒక దేశం ఎటు పోతోందో తెలుసుకోడానికి చాలామంది జీడీపీ ఒక్కటే చూసి ఆపేస్తారు, నేను మాత్రం ఇంధనం, ప్రభుత్వ ఆదాయం, పంట ఈ మూడూ ఒకే షీట్లో పక్కపక్కన పెట్టమంటాను. ఎందుకంటే యూరియా చాలా దేశాల్లో గ్యాస్‌తోనే తయారవుతుంది, గ్యాస్ రేటు పెరిగితే యూరియా రేటు పెరుగుతుంది, ఆ భారం రైతు మీద పడకుండా సబ్సిడీ ఇస్తే ఖజానా ఖాళీ అవుతుంది, ఇవ్వకపోతే పంట దెబ్బతింటుంది.

డేటా కోసం తిరగక్కర్లేదు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఏటా సభ్య దేశాల అంకెలు ఫ్రీగా పెడుతుంది, పంటలకి ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సైట్ చాలు. కనీసం పదేళ్లవి తీసుకోండి, వానల్ని దెబ్బతీసే ఎల్ నినో వచ్చిన ఒక్క ఏడాది చూసి ట్రెండ్ అనేయొద్దు.

ముందు సంవత్సరం కాలమ్ సరిచూసుకోండి. ఇండోనేషియా బడ్జెట్ ఏడాది జనవరి నుంచి డిసెంబర్, మనది ఏప్రిల్ నుంచి మార్చి, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లది జూలై నుంచి జూన్, థాయ్‌లాండ్‌ది అక్టోబర్‌లో మొదలవుతుంది, అన్నిటికీ 2023 అనే పేరు పెట్టి పోల్చేస్తే తప్పు వస్తుంది.

తర్వాత వడ్లా బియ్యమా చూడండి, ఇది చాలా మంది పట్టించుకోరు. ఎఫ్ఏఓ పంటల టేబుల్లో మామూలుగా ఉండేది వడ్ల లెక్క, మన కేంద్రం చెప్పేది బియ్యం లెక్క, వడ్లలో సుమారు మూడింట రెండు వంతులే బియ్యం అవుతుంది. కరెంటులో కూడా అంతే, మెగావాట్లు అంటే ప్లాంట్ స్థోమత, నిజంగా ఎంత కరెంటు వచ్చిందో యూనిట్లలో చూడాలి, సోలార్‌కి ఈ రెండిటికీ చాలా తేడా ఉంటుంది.

ఆదాయంలో కేంద్రం ఒక్కదాన్నే చూశారా, రాష్ట్రాలు కూడా కలిపారా అన్నది రాసి పెట్టుకోండి. మన దేశంలో కేంద్ర పన్నులు మాత్రమే అయితే జీడీపీలో 11–12 శాతం, రాష్ట్రాలవి కలిపితే 17 దాటుతుంది. బ్రూనై లాంటి చోట అయితే ఆయిల్, గ్యాస్ డబ్బే ఎక్కువ కాబట్టి పన్ను కాలమ్ ఒక్కటి చూస్తే ఏమీ అర్థం కాదు.

ఇప్పుడు శ్రీలంక తీసుకుని ప్రాక్టీస్ చేయండి, నిజంగా బాధ కలిగించే ఉదాహరణ, కానీ ఇంతకంటే బాగా నేర్పేది లేదు. 2019 డిసెంబర్‌లో వ్యాట్ 15 శాతం నుంచి 8కి తగ్గించారు, కోవిడ్‌తో టూరిస్టులు కూడా ఆగిపోయారు, జీడీపీలో పన్నుల వాటా 2021కి 8 శాతం లోపుకి పడిపోయింది. అదే ఏడాది రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు, ఆ నిషేధాన్ని నవంబర్‌లో ఎత్తేశారు గానీ అప్పటికే వరి పెద్ద సీజన్ మొదలైపోయింది, 2022లో వడ్ల దిగుబడి ముందు ఏడాది కంటే దాదాపు మూడో వంతు తగ్గింది. డాలర్లు లేక పెట్రోల్ బంకుల దగ్గర రోజుల తరబడి క్యూలు, ఏప్రిల్ 2022లో విదేశీ అప్పు కట్టడం ఆపేశారు. షీట్లో చూస్తే ముందు ఆదాయం పడింది, పంట, ఇంధనం ఏడాది రెండేళ్ల తర్వాత పడ్డాయి, అందుకే ఒకే ఏడాది వరసలో మాత్రమే పోల్చకుండా కింద ఉన్న తర్వాతి రెండేళ్ల వరసలు కూడా చూడాలి.

ఎగుమతి తగ్గితే పంట తగ్గినట్టు కాదు. మన ప్రభుత్వం 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, అయినా 2023–24లో బియ్యం ఉత్పత్తి 13.7 కోట్ల టన్నులు దాటి అప్పటికి రికార్డు.

ఇక ఇండోనేషియా పామాయిల్‌ని ఏ కాలమ్‌లో వేస్తారో ముందే నిర్ణయించుకోండి. అది పంట, దాన్నే డీజిల్‌లో కలుపుతారు, 2023లో 35 శాతం, 2025లో 40 శాతం, ఎగుమతి మీద వసూలు చేసే సుంకంతో ఆ బయోడీజిల్‌కి సబ్సిడీ ఇస్తారు, కాబట్టి మూడు చోట్లా వేసి పక్కన ఒక గుర్తు పెట్టండి, టోటల్ కొట్టేటప్పుడు మాత్రం రెండుసార్లు కలవకుండా చూసుకోండి.