మందుల చీటీ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: నొప్పి మాత్రలు

పోయిన పాఠంలో బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు పట్టుకోవడం చూశాం. ఇప్పుడు అదే పని నొప్పి, వాపు తగ్గించే మాత్రల మీద చేద్దాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఐబూప్రోఫెన్, మెలాక్సికామ్, ఎటోరికాక్సిబ్... వీటిలో ఏ పేరు కనిపించినా అన్నీ ఒక గుంపువే. పారాసిటమాల్ ఈ గుంపులోది కాదు. అయితే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ రెండూ ఒకే మాత్రలో కలిపి ఇవ్వడం మామూలే. అందుకే మొదటి పేరు దగ్గరే ఆగిపోకుండా చివరిదాకా చదవాలి.

ఈ మందుల సైడ్ ఎఫెక్ట్స్ జాబితా చాంతాడంత ఉంటుంది. బట్టీ పట్టక్కర్లేదు. మందు ఏం చేస్తుందో తెలిస్తే సగం జాబితా మనమే రాసేయొచ్చు. దెబ్బ తగిలినచోట నొప్పినీ వాపునీ పెంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఆస్పిరిన్ లాంటి మందులు (మన గుంపువీ అలాంటివే) వాటి తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. 1982లో నోబెల్ పంచుకున్నవాళ్లలో ఆయనా ఒకడు. చిక్కల్లా ఏమిటంటే, పొట్ట లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ, కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి కోసం మింగిన మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, పోయినచోటల్లా అదే పని చేస్తుంది.

ముందు పొట్ట సంగతి. తిన్నాకే వేసుకుంటున్నాం కదా అని చాలామందికి ధీమా. తిన్నాక వేసుకుంటే మంట, వికారం కాస్త తగ్గొచ్చు గానీ అల్సర్ రాదన్న హామీ మాత్రం లేదు. ఇంజెక్షన్‌గా తీసుకున్నా అల్సర్ రావచ్చు. పైగా కొందరిలో ఏ నొప్పీ లేకుండానే లోపల రక్తం కారుతుంది. అందుకే కడుపునొప్పి కోసం ఎదురుచూడకుండా మలం రంగు గమనించాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది. రక్తం కలిస్తే తారులా జిగటగా ఉండి, ఎప్పుడూ లేని దుర్వాసన వస్తుంది. అలా కనిపించినా, వాంతిలో కాఫీ పొడి లాంటి నలకలు పడినా, రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 65 దాటినవాళ్లకు, ఇదివరకు అల్సర్ వచ్చినవాళ్లకు, రక్తం పలచబరిచే మందులో స్టెరాయిడ్లో వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. వీళ్లకు డాక్టరు పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర జత చేసి రాస్తే, గ్యాస్ లేదు కదా అని దాన్ని మానేయకండి. అక్కడ దాన్ని రాసింది అల్సర్ రాకుండా కాపాడటానికి.

కిడ్నీ దగ్గర చీటీ చదవడం బాగా అక్కరకొస్తుంది. బీపీ మందుల్లో పేరు చివర 'ప్రిల్' అనో 'సార్టన్' అనో ఉందేమో చూడండి. రామిప్రిల్, టెల్మిసార్టన్ అలాంటివి. ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి ఒంట్లో నీరు తీసే మందులు. ఈ రెండు రకాలూ వాడుతున్నవాళ్లు నొప్పి మాత్ర కూడా కలిపితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలతో నీరు తగ్గిపోయినప్పుడు మరీను. బీపీ మందూ, నీటి మందూ ఒకే మాత్రలో ఉండొచ్చు, జాగ్రత్త.

ఈ మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, బీపీ కూడా పెంచుతాయి. దీన్ని ఇంట్లోనే కొంతవరకు పట్టుకోవచ్చు. సాయంత్రం పూట చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. గుంట పడి అలాగే నిలిచిపోతే నీరు చేరినట్టు. మాత్ర మొదలుపెట్టాక కొత్తగా ఇలా కనిపించినా, రెండు మూడు రోజుల్లో బరువు పెరిగినా, మూత్రం తగ్గినా డాక్టరుకు చెప్పండి.

ఇక గుండె. పొట్టకు తక్కువ హాని చేస్తుందన్న పేరుతో 1999లో వచ్చిన ఇదే గుంపు మందు రోఫెకాక్సిబ్‌ను గుండెపోటు, పక్షవాతం ముప్పు బయటపడటంతో 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఆ ముప్పు ఈ గుంపులో మిగతావాటికీ ఎంతోకొంత ఉంది, మొదటి వారాల్లోనే మొదలవ్వచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం కనిపిస్తే అంబులెన్స్ పిలవాల్సిందే.

ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఒక్క మాత్రతోనే ఊపిరి బిగుసుకుంటుంది. గర్భిణులు, ముఖ్యంగా 20 వారాలు దాటాక, డాక్టరు చెప్తే తప్ప వీటి జోలికి పోకూడదు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒకరు వాడే స్ట్రిప్పులన్నీ ముందేసుకుని అసలు పేర్లు మాత్రమే ఒక కాగితం మీద రాయండి. నొప్పి గుంపులోవి రెండు కనిపిస్తే గుండ్రంగా చుట్టండి. జలుబు మాత్రల్లో ఐబూప్రోఫెన్ దాగి ఉండొచ్చు, అవీ వదలకండి. 'ప్రిల్', 'సార్టన్', నీటి మందుల కింద గీత గీయండి. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్ల కాగితంలో ఐబూప్రోఫెన్ ఉంటే ఆ రెండింటినీ కలుపుతూ గీత గీయండి, ఎందుకంటే ఐబూప్రోఫెన్ ముందు పడితే ఆస్పిరిన్ పని చెడిపోవచ్చు. మీ అంతట మీరే ఏ మందూ ఆపకండి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. వచ్చే పాఠంలో యాంటీబయాటిక్స్.