భూకంపం తర్వాత వీధి నుంచి కబురు చేరాలంటే: కార్యకర్తల ఏర్పాటులో జాగ్రత్తలు

2004 డిసెంబరు 26న మన గడియారాల్లో ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా దగ్గర సముద్రగర్భం కంపించింది. దానివల్ల లేచిన సునామీ అల మన తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉండి కూడా ఒడ్డున వలలు సర్దుకుంటున్నవారికి ఒక్క మాట అందలేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఆనాడు పోయిన ప్రాణాలను తలచుకున్నప్పుడల్లా, కబురు చేరవేసే ఏర్పాటు కూడా తిండీ నీళ్లంత అవసరమైనదేనని నాకు అనిపిస్తుంది.

భూకంపం మనకు దూరపు సంగతి కాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా కొన్ని రోజులు స్వల్ప ప్రకంపనలు వచ్చి జనం ఇళ్లలోంచి వీధుల్లోకి పరుగెత్తారు. తుపానుకు ముందు హెచ్చరిక ఉంటుంది, భూకంపానికి ఉండదు కాబట్టి, ఎవరు ఏ పని చేయాలన్నది నేల కదలకముందే తేల్చుకోవాలి.

పెద్ద ప్రకంపన వచ్చిన మరుక్షణం అందరూ ఒకేసారి ఫోను తీస్తారు. టవరు చెక్కుచెదరకపోయినా ఆ తాకిడికి కాల్స్ కలవవు. కరెంటు పోతే టవరు బ్యాటరీ మీద ఎక్కువసేపు నిలవదు. కాల్ కలవని చోట చిన్న మెసేజ్ ఒక్కోసారి వెళుతుంది కాబట్టి, క్షేమ సమాచారాన్ని మెసేజ్‌గానే పంపమని ప్రతి ఇంటికీ ముందే చెప్పి ఉంచాలి. అదీ వెళ్లనప్పుడు మిగిలేవి మనిషి కాళ్లు, సైకిలు, చేతిలో కాగితం. ఏర్పాటు మొత్తానికీ వీటినే పునాదిగా పెట్టుకోవాలి.

ముప్పై, నలభై ఇళ్లకు ఇద్దరు చొప్పున కార్యకర్తలను ఎంచుకోండి. ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు ఉంటారు. మన రాష్ట్రంలో వాలంటీరు అనగానే ప్రభుత్వం పెట్టిన మనిషి గుర్తుకొస్తాడు కాబట్టి, ఇది జీతం లేని పని అనీ, ఇరుగుపొరుగు కోసం ఇరుగుపొరుగే చేసుకునేదనీ మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పాలి. పనికోసం పగలంతా బయట ఉండే యువకులనే తీసుకుంటే మధ్యాహ్నం వేళ వీధిలో ఎవరూ మిగలరు. ఇంటిపట్టున ఉండే స్త్రీలు, డ్వాక్రా సంఘ సభ్యులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఈ పనికి ఎంతో తగినవారు. మంచాన పడిన వృద్ధులు, గర్భిణులు, వినపడనివారు ఏ ఇంట్లో ఉన్నారో వారికే బాగా తెలుసు. ఆ వివరాలు నోటుపుస్తకంలో రాసుకోవాలి గాని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

ఆపద వేళ కార్యకర్త మొదట తన ఇంటివారిని చూసుకోవాలి. ఆ తర్వాతే చెప్పులో బూట్లో వేసుకుని, టార్చిలైటుతో బయలుదేరాలి. బీటలు వారిన ఇంట్లోకి వెళ్లకూడదు, ఎందుకంటే తర్వాతి ప్రకంపనలకు అది కూలవచ్చు. గ్యాస్ వాసన వచ్చే చోట అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్ వేయకూడదు. శిథిలాలు తొలగించడం అతని పని కాదు. చూసినదాన్ని చేర్చడమే అతని పని.

ఆ చేర్చడంలోనే అసలు చిక్కు ఉంది. నోటిమాట మూడో మనిషిని దాటేసరికి ‘గోడ కూలింది’ అన్నది ‘వీధి కూలింది’గా మారిపోతుంది. కాబట్టి సందేశాన్ని రాయాలి: ఎక్కడ, ఏ గుర్తు దగ్గర, ఎన్ని గంటలకు, ఎంతమంది, ఏం కావాలి, రాసింది ఎవరు. ‘రామాలయం వెనక సందు, వేపచెట్టు పక్కిల్లు, 6.40, ఇద్దరు లోపల ఉన్నారు, ఒకరు పలుకుతున్నారు’ అని రాస్తే సహాయక బృందం తిన్నగా అక్కడికి వెళుతుంది. తన కళ్లతో చూసినదానికీ ఎవరో చెప్పినదానికీ తేడా కాగితం మీద కనిపించాలి. ఆ కాగితాన్ని మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఎవరికి ఇవ్వాలో, అక్కడ ఎవరూ లేకపోతే ఏ ఆరుబయటి స్థలంలో కలుసుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. అత్యవసర సహాయానికి 112, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లను పుస్తకం అట్టమీద రాసి ఉంచండి.

వాకీటాకీలు కొనేముందు చట్టం తెలుసుకోవాలి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, అనుమతి పొందిన తక్కువ శక్తి సెట్లను లైసెన్సు లేకుండా వాడవచ్చు. ఇళ్ల మధ్య వాటి మాట ఎక్కువ దూరం పోదు. దూరానికి హామ్ రేడియో, అంటే ఆసక్తి కొద్దీ సామాన్యులే నడుపుకునే వైర్‌లెస్, కావాలి; దానికి పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొందాలి. 2001లో భుజ్ భూకంపం తర్వాతా, 2004లో అండమాన్‌లోనూ ఫోన్లు మూగబోయినప్పుడు హామ్ రేడియో నడిపేవారే కబుర్లు నడిపారు. మండలానికి ఒక్కరైనా లైసెన్సు తెచ్చుకుంటే మేలు, ముఖ్యంగా ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు.

తీరగ్రామాల్లో ఇంకో నియమం ఉండాలి. నిలబడలేనంత బలంగా గాని, చాలాసేపు గాని నేల ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా ఏ ప్రకటన కోసమూ ఆగకూడదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట, డప్పు, ఏది అందితే దానితో జనాన్ని హెచ్చరించి సముద్రానికి దూరంగా తరలించాలి. మైకుకు బ్యాటరీ ఉందో లేదో నెలనెలా చూడాలి.

‘రాత్రి పన్నెండింటికి మళ్లీ వస్తుందట’ అనే పుకారు తప్పక పుడుతుంది. ఫలానా వేళకు భూకంపం వస్తుందని చెప్పగల శాస్త్రం ఇంకా లేదని కార్యకర్తలు ఇంటింటికీ చెప్పాలి. అయితే పెద్దదాని వెనక చిన్న ప్రకంపనలు వస్తుంటాయి కాబట్టి, బీటలిచ్చిన ఇంట్లో పడుకోవద్దనీ చెప్పాలి.

ఆరు నెలలకోసారి, ఒక ఆదివారం ఫోన్లన్నీ ఆపేసి, వీధి చివరి ఇంటి నుంచి సచివాలయం దాకా ఒక కాగితాన్ని పంపి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, మాట మారకుండా చేరిందో లేదో పుస్తకంలో రాసుకోండి. ఆలస్యమైన చోట ఇంకొక మనిషిని చేర్చి, మళ్లీ పంపి చూడండి.