రిపోర్టులో ఇస్నోఫిల్స్ ఎక్కువున్నాయా? ముందు లెక్క వేయండి

బ్లడ్ రిపోర్టులో ఇస్నోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 8 శాతం అని కనబడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఆ శాతాన్ని కాసేపు పక్కన పెట్టండి. పైన మొత్తం తెల్లకణాల సంఖ్య ఉంటుంది, దాన్ని 8తో గుణించి 100తో భాగించండి. మొత్తం 4,000 ఉంటే 320 వస్తుంది, అది మామూలే. 12,000 ఉంటే 960, అది ఎక్కువ. మైక్రోలీటరుకు 500 దాటితేనే పెరిగాయనుకోవాలి, 1,500 దాటి తగ్గకుండా ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. మళ్లీ టెస్టుకి వెళ్లేటప్పుడు మొదటిసారి వెళ్లిన వేళకే వెళ్లండి, ఈ కణాలు పొద్దున తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటాయి.

ఇక అసలు సంగతి. ఇవి ఊరికే పెరగవు, ఎవరో కబురు పెడితేనే వస్తాయి. దుమ్ము పడనప్పుడైనా, పేగుల్లో పురుగు చేరినప్పుడైనా టీ కణాల్లో (ఇవీ ఒంటిని కాపాడే తెల్లకణాలే) ఒక రకం ఇంటర్‌ల్యూకిన్-5 అనే రసాయనాన్ని వదులుతుంది, అది ఎముక మజ్జకి చేరి ఇస్నోఫిల్స్‌ని ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-4 వల్ల ఐజీఈ యాంటీబాడీలు పుడతాయి, తుమ్ములూ దురదా వీటి పుణ్యమే. అంటే ఎలర్జీకీ పురుగులకీ దారి ఒకటే, కాబట్టి అంకె చూసి ఏదన్నది తేల్చలేం.

అందుకే డాక్టరుతో ఇవన్నీ చెప్పండి: పొలంలో, మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటుందా, ఈమధ్య కొత్త మందులేమైనా మొదలుపెట్టారా, ఆయాసం ఉందా. రాత్రిపూట పొడిదగ్గు వదలకుండా ఉండి, ఇస్నోఫిల్స్ 3,000 దాటితే బోదకాలు పురుగు వల్ల కూడా కావచ్చు, దానికి డీఈసీ మాత్రలు బాగా పనిచేస్తాయి.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకోకండి. స్టెరాయిడ్ వేస్తే ఇస్నోఫిల్స్ చకచకా పడిపోతాయి, రిపోర్టు బాగుపడినట్టే ఉంటుంది, కానీ ఒంట్లో స్ట్రాంగిలాయిడిస్ అనే పేగుపురుగు ఉంటే ఒంటి రక్షణ అనే అడ్డు తొలగిపోయి అది పేగుల్లోంచి ఊపిరితిత్తులదాకా విపరీతంగా పాకుతుంది, ప్రాణమే పోవచ్చు. ఈ పురుగు మందూ మాకూ లేకుండా ఏళ్లతరబడి ఒంట్లో ఉండగలదు. నులిపురుగులకి వేసే ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో ఇది పోతుందని నమ్మకం లేదు, దీనికి ఐవర్‌మెక్టిన్ వాడతారు. కాబట్టి ఆస్తమాకో చర్మానికో డాక్టరే స్టెరాయిడ్ రాస్తుంటే, మొదలుపెట్టకముందే "పురుగుల పరీక్ష చేయించాలాండీ?" అని అడగండి.