పడవ ట్రైలర్: బాల్ మీద ఎంత బరువు పడాలి?

పడవ కొనేటప్పుడు మనవాళ్లు ఇంజన్ ఎన్ని హార్స్‌పవరో అడుగుతారు, ఎంతమంది కూర్చోవచ్చో అడుగుతారు, రంగు విషయంలో ఇంటిల్లిపాది అభిప్రాయమూ తీసుకుంటారు. ట్రైలర్ ముక్కున ఉండే కొక్కెం, అంటే కప్లర్, తాను తగిలే కారు వెనక ఇనుప గుండు (బాల్) మీద ఎంత బరువు మోపుతుందని అడిగినవారిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి లేక్ టెక్సోమా అనే చెరువుకు యూఎస్ 75 హైవే మీద వెళ్తుంటే పక్కనుంచి పద్దెనిమిది చక్రాల ట్రక్కు దూసుకుపోతుంది. అప్పుడు పడవ కుదురుగా వెంట వస్తుందా, అటూ ఇటూ ఊగుతుందా అన్నది తేల్చేవాటిలో మొదటిది ఆ బరువే.

దీన్ని టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్‌ను కావడి అనుకోండి, ఇరుసే భుజం. ముందు బుట్ట కాస్త బరువుగా ఉంటే నడక కుదురుగా సాగుతుంది. వెనక బుట్ట బరువెక్కితే చిన్న గాలికే ట్రైలర్ ఊగడం మొదలవుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. మరీ ముందుకు మొగ్గినా మంచిది కాదు. కారు వెనక భాగం కుంగుతుంది, ముందు టైర్ల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది.

మామూలు ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలని చెబుతారు. పడవ ట్రైలర్లకు ఇంకొంచెం తక్కువ చాలు, కొందరు తయారీదారులు 5 నుంచి 10 శాతం అని రాస్తారు. మీ ట్రైలర్ పుస్తకంలో ఏముందో అదే చివరి మాట. నా మట్టుకు నేను, ఒకే ఇరుసున్న ట్రైలర్‌తో టెక్సాస్ గాలుల్లో 8 శాతానికి తక్కువగా బయలుదేరను.

పైహద్దు కూడా చూడాలి. కారు వెనక బిగించే హిచ్ మీద ఒక అంకె ఉంటుంది, అందులో దూర్చే, బాల్‌ను మోసే బాల్ మౌంట్ మీద ఒకటి, కారు పుస్తకంలో మరొకటి. వీటన్నిటిలో చిన్నదే మీ హద్దు. క్లాస్ 2 హిచ్ సాధారణంగా 3,500 పౌండ్ల ట్రైలర్‌కు, 350 పౌండ్ల టంగ్ వెయిట్‌కు సరిపోతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. డ్రైవర్ తలుపు పక్కన ఉన్న స్టిక్కర్ చదవరు. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది, టంగ్ వెయిట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి, మూడు వరుసల సీట్లూ నిండి, డిక్కీలో పులిహోర గిన్నెలు కూడా చేరితే బాల్ కోసం మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు.

ఇక తూకం. బ్రోషర్‌లో రాసిన బరువును నమ్మవద్దు. అది చాలాసార్లు పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, ఐస్‌పెట్టె ఏవీ లేని పడవ బరువు, కొన్నిసార్లు అందులో ఇంజన్ కూడా ఉండదు. ఒక గ్యాలన్ పెట్రోలు దాదాపు 6 పౌండ్లు, అంటే 30 గ్యాలన్ల ట్యాంకు నిండితే 180 పౌండ్లు. చెరువుకు ఎలా తీసుకెళ్తారో అలాగే నింపి తూచాలి.

హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని పెద్ద కాటా ఉంటుంది. కారు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద ఉండేలా ఆపండి. చీటీ తీసుకున్నాక ట్రైలర్‌ను భద్రమైన చోట విప్పి కారును మాత్రమే మళ్లీ తూచండి. రెండుసార్లూ కార్లో అదే మనుషులు, అదే పెట్రోలు ఉండాలి. నా పడవ 19 అడుగులది. దాన్ని కొన్న కొత్తలో వచ్చిన అంకెలు ఇవి: ట్రైలర్ తగిలించినప్పుడు కారు 5,200, విడిగా 5,020, ట్రైలర్ ఇరుసు మీద 3,220. తేడా 180 పౌండ్లే టంగ్ వెయిట్. 180కి 3,220 కలిపితే ట్రైలర్ మొత్తం బరువు 3,400. అంటే 5 శాతం చిల్లర. ఈ కాటా 20 పౌండ్ల మెట్లలో చూపిస్తుంది కాబట్టి సన్నటి తేడాలు ఇందులో తెలియవు.

వాటికి ఇంట్లో బరువు చూసుకునే కాటా చాలు, అయితే నేరుగా దాని మీద పెడితే విరుగుతుంది. నాలుగంగుళాల మందం ఉన్న కర్రదుంగ ఒకటి తీసుకోండి. ఒక చివర ఇటుక మీద, మరో చివర కాటా మీద ఆనాలి, రెండు చోట్లా కింద చిన్న పైపుముక్క పెట్టండి. ఇటుక వైపు పైపు నుంచి సరిగ్గా అడుగు దూరంలో, కాటా వైపు పైపు నుంచి రెండడుగుల దూరంలో కప్లర్ బరువు దుంగ మీద పడాలి. కాటా చూపే అంకెలోంచి దుంగ బరువుకు వచ్చే అంకె తీసేసి మూడుతో గుణించండి. నాకు 63 వచ్చింది, అంటే 189. పెద్ద కాటాతో బాగానే కలిసింది.

ఇక్కడ రెండు షరతులున్నాయి. ట్రైలర్ చదునైన నేల మీద ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. కప్లర్ సరిగ్గా కారు బాల్ ఎత్తులోనే ఉండాలి, ట్రైలర్ ముక్కును ఎత్తే జాకీ పాదం నేలను తాకకూడదు. ముక్కు పైకి లేస్తే బరువు వెనక్కి జారి అంకె తగ్గుతుంది. కాలు మాత్రం కప్లర్ కింద పెట్టవద్దు.

అంకె తక్కువ వచ్చిందని వెంటనే రెంచి పట్టుకోకండి. ముందు కాగితం మీద లెక్క వేయండి. బాల్ నుంచి ఇరుసు దాకా దూరం కొలవండి, నాది 192 అంగుళాలు. ఏ వస్తువునైనా ముందుకు జరిపితే, దాని బరువును జరిపిన అంగుళాలతో గుణించి 192తో భాగించండి. టంగ్ వెయిట్ అంత పెరుగుతుంది. వెనక ఉన్న 60 పౌండ్ల బ్యాటరీని పది అడుగులు ముందుకు తెస్తే 37 పౌండ్లు వచ్చాయి. ఐస్ నింపిన 50 పౌండ్ల పెట్టెను ఎనిమిది అడుగులు జరిపితే 25. అప్పటికి ఒక్క బోల్టూ విప్పలేదు. బ్యాటరీని కట్టి బిగించడం, దాని తీగలకు తగిన మందం చూసుకోవడం మరవద్దు.

తర్వాత పడవనే జరపాలి. పడవను ట్రైలర్ మీదికి లాగే చక్రం (వించ్) ఉండే స్తంభాన్ని పట్టే యూ బోల్టులు వదులు చేసి నాలుగు అంగుళాలు ముందుకు తెచ్చాను. పడవ, సామాను కలిపి 2,700 పౌండ్లు, కాబట్టి దీనివల్ల 56 పౌండ్లు. మొదటి 189కి అన్నీ కలిపితే 307, అంటే 9 శాతం. మళ్లీ తూచినప్పుడు దుంగ బరువు పోను కాటా 103 చూపింది, మూడుతో గుణిస్తే 309.

పడవను జరిపేటప్పుడు వెనక చూడండి. ఇంజన్ బిగించిన వెనక గోడను ట్రాన్సమ్ అంటారు, బంకులనే పొడవాటి దిమ్మలు దాని కిందిదాకా ఉండి తీరాలి. టంగ్ వెయిట్ తగ్గించాలని పడవను వెనక్కి జరిపితే ట్రాన్సమ్ గాల్లో వేలాడుతుంది, 450 పౌండ్ల ఇంజన్ బరువుకు అడుగుభాగం మెల్లగా వంగుతుంది. అది బాగుచేయడానికి అయ్యే ఖర్చుతో కొత్త ట్రైలర్ వస్తుంది. ముందుకు జరిపితే ఆ భయం లేదు గానీ, చేపలు చూపే సోనార్ బంకుకు తగులుతుందేమో, ముందు వైపు అడుగు అడ్డకమ్మీకి ఆనుతుందేమో చూసుకోవాలి.

ఇరుసును జరపడం ఆఖరి మార్గం. వెనక్కి జరిపితే టంగ్ వెయిట్ పెరుగుతుంది, ముందుకు జరిపితే తగ్గుతుంది. కప్లర్ మధ్య నుంచి ఇరుసు రెండు చివరలకూ దూరం సమానంగా ఉండాలి, లేకపోతే టైర్లు ఒక పక్క అరుగుతాయి. బ్రేకు గొట్టానికీ తీగలకూ సరిపడా వదులుండాలి. బోల్టులు టార్క్ రెంచితోనే బిగించండి, 50 మైళ్లు వెళ్లాక మళ్లీ చూడండి. ఈ పని చేతకాదనిపిస్తే ట్రైలర్ షాపుకు ఇవ్వండి.

ఇంత చేసినా దారిలో ఊగితే యాక్సిలరేటర్ మీది కాలు తీసి స్టీరింగ్ కదలకుండా పట్టుకోండి. కారు బ్రేకు గట్టిగా తొక్కవద్దు, వేగం పెంచి సరిచేద్దామనుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో లెక్క మారుతుంది. చేపలుంచే లైవ్‌వెల్ చాలా పడవల్లో వెనకే ఉంటుంది. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 25 గ్యాలన్లు అలాగే వదిలేస్తే ఇరుసు వెనక 200 పౌండ్లు కూర్చున్నట్లే. టెక్సాస్‌లో 2014 నుంచి చట్టమే ఉంది, చెరువు వదిలేముందు పడవలో నీళ్లన్నీ తీసేయాలి. అది జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప ఒక చెరువు నుంచి మరో చెరువుకు పాకకుండా పెట్టినది. రాష్ట్రంలో అది మొదట కనబడింది టెక్సోమాలోనే, 2009లో. ర్యాంపు ఎక్కగానే పక్కకు ఆపి, అడుగు బిరడా తీసి, ముక్కును జాకీతో కాస్త పైకెత్తి మొత్తం కారనివ్వండి. కవరు కింద వాననీళ్లు చేరిన పడవకైనా, ఇంటి నుంచి బయలుదేరే ముందు చేయాల్సింది ఇదే.