పాత పద్మినీ కారు తలుపు అడుగున తుప్పు: కొత్తవారు చేసుకోదగిన రేకు పని

కర్నూలు, అనంతపురం వైపు వానలు తక్కువ కాబట్టి ఇక్కడి పాత కార్లకు తుప్పు భయం లేదని చాలామంది అనుకుంటారు. సముద్రతీరపు ఉప్పుగాలి మనకు లేని మాట నిజమే. అయితే మన ఎండలకు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఏడాది పొడుగునా లేచే దుమ్ము తలుపుల అడుగున నీళ్లు పోవడానికి ఉంచిన రంధ్రాలను పూడ్చేస్తుంది. సెప్టెంబరులో కురిసే వాన ఆ పగుళ్లలోంచి లోపలికి దిగి, బయటికి పోయే దారి లేక, ఆ దుమ్మును బురదగా మార్చి వారాల తరబడి రేకును నానబెడుతుంది. పైన రంగు మెరుస్తున్న ప్రీమియర్ పద్మినీలోనైనా, అంబాసిడర్‌లోనైనా తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది కనుక, రంగు పొంగి బుడగలు కనిపించేసరికి వెనుక రేకు చాలా వరకు తినేసి ఉంటుంది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచెత్తిన వరదలో నానిన బండి మీ చేతికి వచ్చి ఉంటే, దాని మూలల్లో ఒండ్రు ఇంకా మిగిలి ఉందేమో ముందుగా చూసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు స్క్రూడ్రైవర్ పిడితో తలుపు అడుగు అంచును, చక్రాల పైనున్న వంపులను, డిక్కీ అడుగును వరసగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన చోట శబ్దం మొద్దుబారుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. పల్చని గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టు చిక్కక జారిపోతే, అక్కడ ఎవరో ఇంతకుముందే మందంగా లప్పం పెట్టి రంగు కొట్టారని అర్థం.

ఈ రెండు రకాల కార్లకూ విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే పెట్టె వంటి భాగం, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించే చోట్లు పుచ్చి ఉంటే వాటిని అనుభవమున్న టింకరింగ్ మేస్త్రికే వదిలిపెట్టాలి. అక్కడ ఆధారం లేకుండా కోస్తే తలుపులు మళ్లీ సరిగా పడవు. తలుపు అడుగు మాత్రం కొత్తవారికి అనువైన పని, ఎందుకంటే తలుపును ఊడదీసి, పాత దుప్పటి పరిచిన బల్లపై పడుకోబెట్టి నింపాదిగా చేసుకోవచ్చు, పెట్రోలు ట్యాంకుకు దూరంగానూ ఉండవచ్చు.

లోపలి అట్టను, అద్దాన్ని తీసి, అడుగున చేరిన మట్టిని గీరేయండి. ఆపైన గ్రైండర్‌తో రంగును, తుప్పును తొలగించండి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా గ్రైండర్ పట్టకూడదు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక ఆ పొడిని పిల్లలు తిరిగే చోట ఊడ్చి వదిలేయకూడదు. బయటికి నిమ్మకాయంత కనిపించిన రంధ్రం, గీరడం పూర్తయ్యేసరికి అరచేయంత అవుతుంది. తెల్లగా మెరిసే, మందం తగ్గని రేకు తగిలేదాకా కోయవలసిందే. అంచున కొంచెం పుచ్చు మిగిలినా వెల్డింగ్ వేడికి అది కరిగిపోయి రంధ్రం ఇంకా పెద్దదవుతుంది.

అతుకు కొలతకు పాత పెళ్లిపత్రిక అట్ట బాగా పనికొస్తుంది. దాన్ని రంధ్రానికి సరిపోయేలా కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, ఆ ఆకారాన్ని 20 గేజ్ సీఆర్ రేకు (జింకు పూత లేని మామూలు ఉక్కు రేకు) మీద గీసుకోండి. ఇంట్లో మిగిలిన జీఐ రేకు వాడవద్దు, దానిపై జింకు పూత కాలినప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అతుకుకూ అసలు రేకుకూ నడుమ వెల్డింగ్ తీగ మందమంత సందు ఉండాలి.

పుల్లతో చేసే మామూలు ఆర్క్ వెల్డింగ్ ఇంత పల్చని రేకును చిల్లులు పొడుస్తుంది, 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగతో మిగ్ వెల్డింగ్ (యంత్రమే తీగను అందిస్తూ పోయే వెల్డింగ్) కావాలి. ఆ యంత్రం లేనివారు కోత, అతుకు ఇంట్లోనే సిద్ధం చేసుకుని, వెల్డింగ్ మాత్రం షెడ్డులో చేయించుకోవచ్చు. "దీనికి వెల్డింగ్ ఎందుకు సార్, లప్పం పెట్టి లాగేద్దాం" అని మేస్త్రి అంటే "వద్దన్నా, రేకే పెట్టు" అని పట్టుబట్టండి, వెనుక రేకు లేని లప్పం రెండు వానలకు ఊడిపోతుంది. స్వయంగా చేసేవారు ముందు పనికిరాని ముక్కల మీద చేయి తిప్పుకోవాలి. గీత గీసినట్టు ఒకేసారి లాగితే రేకు వేడికి ఉబ్బి అలలు తేలుతుంది. అందుచేత ఒక మూలన చుక్క, ఎదురు మూలన చుక్క, తర్వాత వాటి నడుమ 25 నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో చుక్కలు వేస్తూ, చేత్తో తాకగలిగేంత చల్లబడ్డాకే తర్వాతి చుక్క వేయాలి. ఈ పనిలో కావలసింది నైపుణ్యం కన్నా ఓర్పే అని నా అభిప్రాయం.

నడుమ ఖాళీలను కూడా ఇలాగే చుక్కలతో నింపి, చుక్కలన్నీ కలిశాక ఉబ్బెత్తును మెల్లగా అరగదీసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. మే నెలలో చెమట చేయి తగిలిన చోట, వానాకాలంలో గాలి తేమకు, రాత్రికి రాత్రే ఎర్రటి పొర వచ్చేస్తుంది. లప్పం నీటిని పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని ప్రైమర్ మీదే పెట్టాలి, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. ఎండాకాలం హార్డెనర్ కలిపిన లప్పం మన చేతిలోనే బిగిసిపోతుంది. పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకుంటే ఆ బాధ ఉండదు. ఆరాక చెక్కముక్కకు చుట్టిన 80 నంబరు ఉప్పు కాగితంతో, ఆ తర్వాత 180తో పొడిగానే రుద్దాలి. నీళ్లతో రుద్దడం లప్పం మీద మళ్లీ ప్రైమర్ పడ్డాకే. రంగు వేరేది వేయదలిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోవలసి ఉంటుంది.

ఇక తలుపు లోపలి వైపు చాలామంది వదిలేస్తారు, తుప్పు తిరిగి వచ్చేది అక్కడి నుంచే. వెల్డింగ్ వెనుక కాలిన చోటును గీరి ప్రైమర్ పూసి, రేకుల అతుకుల్లో సీలెంట్ నింపి, రంగు పని అంతా ముగిశాక కేవిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) పిచికారీ చేయండి. పాత ఇంజిన్ ఆయిల్ పోయవద్దు, అది రబ్బరును పాడుచేస్తుంది. అడుగు రంధ్రాలను తీగతో పొడిచి తెరిచి, పగిలిన అద్దం రబ్బరును మార్చి తలుపు బిగించాక, అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి చూడండి. ఆ నీళ్లు వెంటనే తలుపు అడుగు నుంచి కారాలి. కారు లోపలి చాప తడిస్తే, తలుపు అట్ట వెనుక ఉండవలసిన ప్లాస్టిక్ కాగితం చిరిగిందన్నమాట, దాన్ని మార్చి మళ్లీ నీళ్లు పోయాలి.