మ్యాన్‌హోల్‌లో దిగి మనిషి పోతే 30 లక్షల పరిహారం: దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగుతుంది

మురుగు తీయడానికి మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో దిగి చనిపోయిన మనిషి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. 2014 తీర్పులో ఇది 10 లక్షలే.

దరఖాస్తుకు తెల్ల కాగితం చాలు. కలెక్టర్ పేరున రాసి మరణ ధ్రువీకరణ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు జిరాక్సులు పెట్టి సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. తెలంగాణలో అయితే ప్రజావాణి.

అసలు చిక్కు ఎఫ్ఐఆర్ దగ్గర. చాలామందిది ఇక్కడే తిరిగొస్తుంది. ఏడుపుల మధ్య స్టేషన్‌లో ఎవరో రాసిన ఫిర్యాదు మీద సంతకం పెట్టేస్తారు, అందులో 'ప్రమాదవశాత్తూ కాలుజారి గుంతలో పడి మృతి' అని ఉంటుంది, ఇక ఆఫీసులో అది పట్టుకుని 'పని చేస్తూ పోయాడని ఎక్కడుంది?' అంటారు. అందుకే ఫలానా మేస్త్రీ పిలిస్తే ఫలానా వీధిలో మురుగు తీయడానికి దిగాడు, మాస్కు, ఆక్సిజన్, తాడు ఏవీ ఇవ్వలేదు అని ఫిర్యాదులోనే ఉండాలి. చదవడం రాకపోతే చదివించుకుని వినండి, తొందరేం లేదు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాల్సిందే. ఇప్పటికే తప్పుగా రాసి ఉంటే భయపడకండి, తోటి కూలీల వాంగ్మూలాలు కూడా తీసుకోమని దర్యాప్తు అధికారికి రాసివ్వండి, ఎస్పీకి ఒక కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

కాంట్రాక్టర్ మనుషులు అంత్యక్రియల రోజే లక్షో రెండు లక్షలో పట్టుకొస్తారు, వెంట స్టాంపు పేపరు. 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న ఆ కాగితం మీద సంతకం వద్దు, రేపు పరిహారం ముట్టిందనడానికి అదే చూపిస్తారు. ఫైలు కదిలిస్తానని వాటా అడిగేవాడికి రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.

ప్రైవేటు ఇంటి ట్యాంకు కదా, మాకేం సంబంధం అని అధికారులు అంటే 2021లో బాంబే హైకోర్టు అలాంటి కేసులోనే ముందు ప్రభుత్వం కట్టి తర్వాత బాధ్యుల దగ్గర వసూలు చేసుకోమన్న సంగతి చెప్పండి. కులం సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపినా ఒప్పుకోకండి, ఈ 30 లక్షలకు కులంతో పని లేదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు కింద వచ్చే సాయం వేరు, సర్టిఫికెట్ దానికి కావాలి.

కలెక్టరేట్ నుంచి జవాబు రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి లాయర్ ఫీజు ఉండదు. ఫోన్ నంబర్ 15100.