విడ్జెట్ పాఠాలు – 4: చినుకులు కదిలితే ఛార్జింగ్ ఎంత?

కిందటి పాఠంలో హోమ్ స్క్రీన్ మీద హైదరాబాద్ వాతావరణం చూపించే విడ్జెట్ తయారుచేశాం. ఊరి పేరు, ఉష్ణోగ్రత, ఓ మేఘం బొమ్మ. ఆ మేఘంలోంచి చినుకులు రాలుతుంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది, జులైలో మరీను. కదిలించడం తేలికే. బ్యాటరీ తినేయకుండా కదిలించడమే ఈ పాఠం.

ఆండ్రాయిడ్‌లో విడ్జెట్‌ను గీసేది మన యాప్ కాదు, లాంచర్ (హోమ్ స్క్రీన్ చూపించే యాప్). ఏం గీయాలో రిమోట్‌వ్యూస్ (ఏయే బొమ్మలు, అక్షరాలు చూపాలో రాసిన చీటీ లాంటిది) రూపంలో మనం చెప్పి పంపుతాం, అంతే. ఈ ముక్క మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

కొత్తగా రాసేవాళ్లకు ముందు తట్టే దారి ఇది: నాలుగు బొమ్మలు పెట్టుకుని, సెకనుకొకటి చొప్పున కొత్త రిమోట్‌వ్యూస్ పంపడం. పనిచేస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ ప్రతి సెకనూ మన ప్రాసెస్ మేలుకోవాలి, బొమ్మ బైండర్ (యాప్‌ల మధ్య సమాచారం చేరవేసే ఆండ్రాయిడ్ ఏర్పాటు) మీదుగా లాంచర్‌కు చేరాలి, లాంచర్ మళ్లీ గీయాలి. రోజుకు 86,400 సార్లు! మీరు ఫోన్ జేబులో వేసుకుని నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా, ఎవరూ చూడని వాన కురుస్తూనే ఉంటుంది. ఫోన్‌కు నిద్ర ఉండదు.

విడ్జెట్ వివరాల ఫైల్లో అప్‌డేట్‌పీరియడ్‌మిల్లిస్ అని ఒకటి రాశాం కదా, విడ్జెట్ ఎంతసేపటికోసారి తాజా అవ్వాలో చెప్పేది. అక్కడ ఎంత తక్కువ రాసినా సిస్టమ్ 30 నిమిషాలకు తగ్గనివ్వదు. అంటే రోజుకు 48 సార్లు. ఆ 48 సార్లూ నిద్రపోతున్న ఫోన్‌ను లేపుతుంది కూడా. ఉష్ణోగ్రత తెచ్చుకోవడానికి వర్క్‌మేనేజర్ (వెనకాల చేసే పనులకు వేళలు కుదిర్చే ఆండ్రాయిడ్ లైబ్రరీ) మేలు. దాని కనీస వ్యవధి 15 నిమిషాలు, ఫోన్ డోజ్‌లో (వాడకుండా వదిలేసినప్పటి గాఢనిద్రలో) ఉంటే తన పని వాయిదా వేసుకుంటుంది.

మరి చినుకులో? వ్యూఫ్లిప్పర్ వాడండి, బొమ్మలను ఒకదాని తర్వాత ఒకటి తనే మార్చి చూపించేది. నాలుగు బొమ్మలూ లేఅవుట్‌లోనే పెట్టి, ఆటోస్టార్ట్ ఆన్ చేసి, ఫ్లిప్‌ఇంటర్వల్ 800 (మిల్లీసెకన్లు) అని రాయండి. ఇక మన యాప్ నిద్రపోవచ్చు. లాంచరే బొమ్మలు మారుస్తుంది, స్క్రీన్ ఆరగానే ఆపేస్తుంది. గడియారం కావాలంటే టెక్స్ట్‌క్లాక్, టైమర్‌కు క్రోనోమీటర్ ఇలాంటివే. మనం సొంతంగా రాసుకున్న వ్యూలు (తెర మీద కనిపించే భాగాలు) విడ్జెట్‌లో పెట్టనివ్వరని చాలామంది విసుక్కుంటారు. నాకైతే ఆ కట్టడి మంచిదే అనిపిస్తుంది.

అలాగని వ్యూఫ్లిప్పర్ ఉచితం కాదు. హోమ్ స్క్రీన్ కదలకుండా ఉంటే కొత్తగా ఫ్రేమ్ (తెర మీది ఒక్కో చిత్రం) గీయాల్సిన పనే లేదు. ఎల్‌టీపీఓ డిస్‌ప్లేలు (రిఫ్రెష్ వేగం తగ్గించుకోగల తెరలు) కొన్నయితే అలాంటప్పుడు 1 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు ఒక్కసారికి, దిగిపోతాయి. అదే బొమ్మకూ బొమ్మకూ మధ్య మెల్లగా కరిగే ఎఫెక్ట్ పెట్టారంటే, అది నడిచినంతసేపూ 60 హెర్ట్జ్ తెరకు ప్రతి 16.7 మిల్లీసెకన్లకూ ఓ ఫ్రేమ్ కావాలి. టక్కున మారిపోయే బొమ్మకు సెకనుకు ఒకటో రెండో చాలు. కాబట్టి ఎఫెక్ట్ తీసేయండి.

అన్నిటికంటే ఖరీదైనది డేటా వచ్చేదాకా గుండ్రంగా తిరిగే ప్రోగ్రెస్‌బార్. డేటా వచ్చాక దాన్ని దాచడం అందరికీ గుర్తుంటుంది. సెల్లార్ పార్కింగ్‌లో సిగ్నల్ పోయి డేటా రాకపోతే? హోమ్ స్క్రీన్ తెరిచినప్పుడల్లా అది తిరుగుతూనే ఉంటుంది. ఫెయిలైన దారిలో కూడా దాన్ని దాచి, పాత ఉష్ణోగ్రతే చూపించండి.

ఐఫోన్‌లో ఈ టెన్షన్ తక్కువ. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన విడ్జెట్లకు రిఫ్రెష్‌లు లెక్కగట్టి ఇస్తారు: తరచూ చూసే విడ్జెట్‌కు రోజుకు సుమారు 40 నుంచి 70.

ఇప్పుడు కొలత. సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిచి, మన యాప్ పేరు పక్కన ఏమీ లేదని మురిసిపోకండి. గీసింది లాంచర్ కాబట్టి ఆ ఖర్చు లాంచర్ ఖాతాలో పడుతుంది. పక్కింటి మీటరు మీద మన మోటారు నడిచినట్టు. అందుకని ఇలా చేయండి. బ్యాటరీస్టాట్స్‌ను (ఏ యాప్ ఎంత వాడిందో ఆండ్రాయిడ్ రాసుకునే లెక్కను) రీసెట్ చేసి, కేబుల్ తీసేసి (ఛార్జింగ్‌లో ఉండగా లెక్క నడవదు) హోమ్ స్క్రీన్‌ను 20 నిమిషాలు వెలిగించి ఉంచండి. ఒకసారి చినుకులతో, ఒకసారి కదలని మేఘంతో. బ్రైట్‌నెస్, వైఫై రెండుసార్లూ ఒకేలా ఉండాలి. తర్వాత రిపోర్టులో లాంచర్ వాడిన సీపీయూ సమయం పోల్చండి.

కరిగే ఎఫెక్ట్‌తో మూడోసారి కూడా కొలిచి, మూడు అంకెలూ రాసి పెట్టుకోండి. విడ్జెట్ మీద తాకితే యాప్ తెరుచుకోవడం గురించి చెప్పే ఐదో పాఠంలో వాటితో పని ఉంది.